ముట్టని మామిడికాయ టాకో

జంపయ్య పళ్లేన్ని రెండు వేళ్లతో మెల్లగా అవతలికి జరిపాడు. ఎంత మెల్లగా జరిపినా, వంటింటి కిటికీలోంచి చూస్తున్న తబితకు అది విసిరికొట్టినట్టే తోచింది.

సారపాకలో ఆదివారం ఆరాధన ముగిసిందంటే ఆ వీధి జనమంతా తబిత నడిపే బ్రంచ్ హోటల్‌కే చేరుతారు. పొద్దుటి టిఫినూ మధ్యాహ్నపు భోజనమూ ఒకే పూటగా కలిసిపోయే చోటు అది. గోంగూర పాస్తా, వెదురుకొమ్ముల మోమో అక్కడి పేరుపడ్డ వంటకాలు. అడవి పల్లె నుంచి వచ్చి ఊళ్లోని కాగితం మిల్లులో టెక్నీషియన్‌గా చేస్తున్న జంపయ్య ఏడాదిగా ఒక్క ఆదివారమూ తప్పలేదు. ఏది పెట్టినా తినేవాడు. తిని, తల వంచుకొనే, ఉప్పు ఎంత తగ్గిందో చెప్పేవాడు. ఆ నాలుగు మాటల కోసమే ఆమె అప్పుడప్పుడు ఉప్పు తగ్గించేది.

ఈ ఆదివారం వేరు. పక్క బల్ల దగ్గర తబిత తల్లి ఇన్నమ్మ కూర్చుంది. తన మనసులో ఉన్నది ఇతడేనని కూతురు చెప్పగా, చూసి తేల్చుకుందామని వచ్చింది. అందుకే తబిత ఈ ఏటి తొలి మామిడికాయలు తెప్పించి, జొన్నరొట్టెలో వాటి కోరు నింపి టాకో చేసింది. దాన్నే అతడు ముట్టలేదు.

బయటికొచ్చి, బాగాలేదా అని అడిగింది. బాగానే ఉంటదన్నాడు. మరి తినవేమంటే, చెవులు ఎర్రబడి, పళ్లేన్ని ఇంకాస్త అవతలికి జరిపాడు.

"తినకుండనే వంక పెడ్తున్నవా? మా అమ్మ చూస్తున్నది. ఏందో చెప్పు, లేకుంటే లేచి పో."

అతడు లేచాడు. రెండడుగులు వేశాడు. ఇప్పుడు గడప దాటితే మళ్లీ ఎక్కలేనని తెలిసి, ఆగాడు.

"మామిడి కొత్తల పండుగ ఇంక కాలే," అన్నాడు. "మా ఊళ్లె దేవతకు పెట్టకముందు కొత్త కాయ నోట్ల పెట్టం. చెప్తే నవ్వుతరనుకున్న. అందరు నవ్వినా పర్వాలే. నువ్వు నవ్వితే తట్టుకోలేను."

తబిత నవ్వలేదు. చేతిలోని తువ్వాలును మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

ఇన్నమ్మ అంతా విన్నది. తన తండ్రి కూడా తొలి కాపు ప్రార్థన మందిరంలో పెట్టందే పిల్లలకు ముక్క కోసిచ్చేవాడు కాదని, హోటల్ హడావిడిలో ఈ పిల్లే అది మరిచిందని నిదానంగా చెప్పింది. పండుగ ఎప్పుడని అడిగింది.

ఊరి పెద్దలు చెప్పాలని, మూడు వారాలు పట్టవచ్చని జంపయ్య అన్నాడు. తర్వాత, ఏడాది పొడుగునా కూడబెట్టుకున్న ధైర్యమంతా ఒక్కసారే ఖర్చుపెట్టేశాడు.

"మామిడికాయకైతే మూడు వారాలు ఆగుతనమ్మా. మీ ఇంటికొచ్చి తబితను అడగనీకె ఎన్ని రోజులు ఆగాలె?"

ఇన్నమ్మ అతడిని ఒకసారి, కూతురిని ఒకసారి చూసింది.

"బుధవారం రా, అయ్యా. మీ అమ్మను గూడ తోల్కరా. మీరు ఏమేం ముట్టరో ముందుగాల ఆమెనే అడిగి వండుత."

తబిత కుర్చీ లాక్కొని, ఏడాదిలో తొలిసారి, అతని బల్ల దగ్గర కూర్చుంది.