నాన్న మంచం కింది చెక్కలు

మా ఇంట్లో మంచాలు, బల్లలు, వంటింటి అలమర అన్నీ రష్యా చెక్కవే. ఉక్కు ప్లాంటు మెషీన్లు ఆ దేశం నుంచి పెద్ద పెద్ద పెట్టెల్లో వచ్చేవి. ఖాళీ పెట్టెల్ని వేలంలో కొనుక్కొని సెక్టర్ సిక్స్ క్వార్టర్లలో సగం మంది సామాను చేయించుకున్నారు. చేసింది చాలావరకు మా నాన్నే. పేరు సత్యరాజు, ప్లాంటులో కార్పెంటర్. మంచులో నెమ్మదిగా పెరిగిన చెట్టని, ఏళ్లు గడిచినా వంకర పోదని ఆ చెక్కని తెగ మెచ్చుకునేవాడు. ఏ ముక్క చేతికొచ్చినా ముందు వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి వినేవాడు.

మా చర్చి సంఘంలో ఎవరు పోయినా శవపెట్టె చేసేదీ నాన్నే. తన పెట్టెకి కావలసిన చెక్కలు ముందే కోసి మంచం కింద పేర్చుకున్నాడు. అప్పటికి నా తమ్ముడు రాబర్ట్ ఇంకా నిక్కర్లే వేసుకుంటున్నాడు. అమ్మ ఆ చెక్కలు చూసి నవ్వేది.

“ఏటయ్యా, నువ్వు నిలబడితే నా చెవి దాకా రావు. నీకంత పొడుగు పెట్టెందుకు?”

“ఉండనీయే. కొలత సరిగ్గానే ఉంది,” అనేవాడు నాన్న.

రాబర్ట్ పెద్దవాడయ్యేసరికి మేముండే రాష్ట్రం కొత్తగా ఏర్పడింది. అందరికీ ఏదో ఒక గొప్ప పని చేసెయ్యాలని ఉబలాటం. నరసింగరావనే కాంట్రాక్టరు నందిని రోడ్డులో మూతపడిన గోడౌన్ లోపల సైకిల్ పందేల ట్రాక్ మొదలెట్టాడు. పళ్లెం అంచులా లోపలికి వాలి ఉండే చెక్క ట్రాక్. దానికోసం చలిదేశం పైన్ కలప ఓడలో తెప్పిస్తే, ఇక్కడి ఎండకి కొంత విచ్చిపోయింది. ఆఖరి మలుపుకి చెక్క చాల్లేదు. ఆ ట్రాక్ మీద సైకిల్ తొక్కి రాష్ట్ర జట్టులో చేరాలని రాబర్ట్ పట్టుబట్టి కూర్చున్నాడు. వాడికి వేరే లోకం లేదు.

అప్పటికి నాన్నకి పక్షవాతం, మాట పడిపోయింది. ఓ పొద్దున్న రాబర్ట్ ఆ మలుపు కోసమని మంచం కింద దూరి ఆ చెక్కలు లాగుతుంటే, నాన్న వేలి కణుపుతో మంచం పట్టె మీద తట్టాడు. టక్... టక్...

“చూడక్కా, తీస్కెళ్లమంటన్నాడు.”

“వద్దంటన్నాడ్రా.”

“నీకెలా తెలుసు?”

నిజమే, నాకేం తెలుసు. కానీ కడుపు మండిపోయింది. నెల తిరక్కుండా నాన్న పోయాడు. ఊరందరికీ రష్యా చెక్కతో పెట్టెలు చేసిన మనిషిని మామిడి చెక్కలో దించాం. రాబర్ట్ ఆ రోజు బాగా ఏడ్చాడు. మర్నాడు ప్రాక్టీసుకి వెళ్లిపోయాడు. ఆ ఏడుపుని నేనింకా క్షమించలేదు.

మే నెలలో సెలక్షన్. ముందురోజు మధ్యాహ్నం వాడికి అన్నం పట్టుకెళ్లాను. ఎండ తగలకుండా గోడౌన్ కిటికీలన్నీ గోనెపట్టాలతో మూసేశారు. కరెంటు కూడా లేదు. లోపల చీకటి, ఉక్క, కొత్త చెక్క వాసన. ఆ చీకట్లోనే వాడు తిరుగుతున్నాడు. చక్రాల రొద దూరంగా పోయి మళ్లీ దగ్గరికొస్తోంది. ఆ సైకిళ్లకి బ్రేకులుండవు. ఆగాలంటే నెమ్మదిగా వేగం తగ్గించుకోవాలి.

వాడు ఆఖరి మలుపు దాటిన ప్రతిసారీ ఒక చప్పుడు. టక్... టక్...

“ఏట్రా అది?”

“చెక్క వదులైందేమో. కింద చూడక్కా.”

ట్రాక్ కిందంతా డొల్ల. దూలాల మధ్య వంగి నడిచాను. పోనుపోను చల్లబడింది. బయట ఎండ మండిపోతోంది... నా పళ్లు కొట్టుకుంటున్నాయి.

గోనె చిరుగులోంచి కాస్త వెలుగు పడుతోంది. తలెత్తి చూశాను. పలకల అడుగున నల్లటి రష్యా అక్షరాలు. నాన్న చెక్కలే. సన్న పట్టీలుగా చీల్చే ఓపిక లేక నరసింగరావు అలాగే బిగించేశాడు. చేత్తో తడిమాను. అన్నీ గట్టిగా ఉన్నాయి. ఏదీ కదల్లేదు.

చక్రాలు అవతలి చివర ఉన్నాయి.

అప్పుడు తట్టారు. పైనుంచి కాదు... కిందినుంచి. నేనున్న వైపు నుంచి.

నా పక్కన ఎవరూ లేరు. రంపపు పొట్టు వాసన... బీడీ వాసన...

“నాన్నా,” అన్నాను గుసగుసగా. “వాణ్ణి వదిలెయ్ నాన్నా.”

తట్టడం ఆగింది. ఎవరో చెవి పెట్టి వింటున్నట్టుంది.

చక్రాలు దగ్గరకొచ్చాయి. ఇంకా దగ్గరకి... సరిగ్గా నా నెత్తి మీదకి...

టక్.

ఒక్కటే.

పైన ఏదో పడింది. కాసేపటికి నా చెంప మీద వెచ్చగా చుక్కలు రాలాయి.

చెయ్యంత పొడుగు చెక్కముక్క వాడి డొక్కలో దిగింది. పలకలు మాత్రం ఒక్కటీ చిట్లలేదు. ఆ ముక్క ఎక్కడిదో ఎవరికీ తెలియలేదు.

“వెరోనికా, పెట్టెకి ఆ చెక్కలే ఊడదీయించు. వాడికవే కావాలిగా,” అంది అమ్మ.

నాన్న దగ్గర పని నేర్చుకున్న కనకరత్నం చిన్నాన్న వాటిని తెచ్చి మా గుమ్మంలోనే పెట్టె బిగించాడు. రంపం సంచిలోంచి తియ్యనే లేదు.

“ఇవి అన్న తనకోసం కోసుకున్నవే కదొదినా?” అన్నాడు మెల్లగా. “ఇంచీ తేడా లేదు. రాబర్ట్‌కి కొలిచి కోసినట్టున్నాయి.”

నాకు నాన్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ పొద్దున్న మంచం పట్టె తట్టింది వద్దనా, తీసుకెళ్లు అవి నీవేననా? తలుచుకుంటే ఏడుపు కన్నా ముందు కోపమే వస్తుంది.

ఆ మంచం మీద ఇప్పుడు నేను పడుకుంటున్నాను. కింద ఏమీ లేదు. అయినా అమ్మ రోజూ ఊడ్చేముందు వంగి చూస్తుంది. నిన్న కూడా చూసింది. చీపురు అక్కడే వదిలేసి లేచి, నన్ను తలనుంచి కాళ్లదాకా కొలిచినట్టు చూసింది.