పెదాల కోసం ఆగిన గొంతు

ఆళ్లగడ్డలో మూతపడ్డ ఆ హాస్టలు ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవాళ్లు కాదు. కోయిలకుంట్ల వైపు పోయే ఆటోవాళ్లు కూడా ఆ మలుపులో వేగం పెంచేసేవాళ్లు. హాస్టలు వార్డెను సుందరరాజు సారు పోయి అప్పటికి పాతికేళ్లు. అయినా ఏడాదికొక్క రాత్రి... లోపల ఆయన గొంతు వినిపిస్తుందని పేరు.

నేను నవ్వేవాణ్ణి. చచ్చాక కూడా పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఖర్మ ఏ సారుకుంటుంది? నంద్యాలలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఎజ్రా, 2004లో తనకు జరిగింది చెప్పాక ఆ నవ్వు మానేశాను.

సారు పోయేనాటికి కూతురు దీవెన తల్లి కడుపులో ఉంది. హాస్టలు వరండాలో ఆయన పిల్లలతో మాట్లాడుతుండగా తీసిన నాలుగు నిమిషాల ఫిల్ము రీలు ఒకటి అక్కడే ఉందని ఆ ఏడే ఆమెకు తెలిసింది. ఎజ్రా దగ్గరికి పరిగెత్తింది.

"బొమ్మా మాటా కలిపి సీడీ చేసియ్యన్నా. నాయన మాట్లాడతాంటే ఒక్కసారి చూడాల."

పక్కనే ఉన్న తల్లి కృపమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది.

ఎజ్రా ఒక రాత్రి టేపు రికార్డరు పట్టుకుని ఆళ్లగడ్డ వెళ్లాడు. హాస్టలు వాచ్‌మన్ తిరుపతయ్యే పాత ప్రొజెక్టరు నడిపేవాడు.

"మిషను రొద నీ టేపులో పడతాదప్పా. నువ్వు హాల్లో స్పీకరు కాడ కూచో," అని తాను మిషను గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఖాళీ హాలు. చీకటి. గోడ మీద సారు బొమ్మ కదిలింది... స్పీకరు బరబరమంది... తర్వాత మెల్లగా గొంతు —

"తలుపుకాడ కూచున్నోళ్లు... ముందుకు రాండి."

ఎజ్రా గిరుక్కున వెనక్కి తిరిగాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఉన్నది తనొక్కడే. అయినా టేపు ఆపలేదు.

రీలును హైదరాబాదులో ల్యాబుకు పంపితే, బొమ్మ బొమ్మనూ స్కాన్ చేసి సీడీల్లో పంపారు. ఎజ్రా కంప్యూటరు ముందు కూచుని టేపులోని మాటను ఆ బొమ్మ కింద పెట్టాడు. కలవలేదు. ఆళ్లగడ్డ వోల్టేజీకి మిషను నెమ్మదిగా తిరిగి ఉంటుంది, మాటను కాస్త కుదిస్తే సరిపోతుంది అనుకున్నాడు.

సరిపోలేదు.

ఒకచోట గొంతు వెనకబడుతోంది. మళ్లీ పరిగెత్తి అందుకుంటోంది. సారు దగ్గడానికి పక్కకు తిరిగితే... గొంతు ఆగుతోంది. ఆయన మళ్లీ నోరు తెరిచేదాకా ఎదురుచూస్తోంది.

మిషను ఎవరికోసమూ ఆగదు కదా. అయినా దీవెన కోసం మాటను ముప్పై ముక్కలు చేసి, ఒక్కొక్కటీ పెదాలకు అతికించాడు. చివరికి భయం ఆపుకోలేక హైదరాబాదు ఫోను చేశాడు.

అక్కడి మనిషి విసుక్కున్నాడు. "మాటుండే రీలుకు, మిషను పళ్లు పట్టే చిల్లులు ఒక పక్కే ఉంటాయండీ. రెండో పక్క మాట అచ్చవుతుంది. దీనికి రెండు పక్కలా చిల్లులే. ఇది మూగ రీలు."

మరి ఆ రాత్రి మాట్లాడిందెవరు...?

చెప్పేద్దామనే వాళ్లింటికి వెళ్లాడు. నోరు తెరిచేలోపే దీవెన సీడీ లాక్కుని పెట్టేసింది. టీవీ అద్దం మీద తండ్రి పెదాలకు వేలు ఆనించి, కదలకుండా నిలబడింది.

"మా నాయన గొంతు ఇంత మెత్తగా ఉంటాదనుకోలేదన్నా," అంది ఏడుస్తూ.

కృపమ్మ ఎజ్రాను వంటింట్లోకి పిలిచింది.

"అది తిరుపతయ్యదప్పా," అని గుసగుసగా అంది. "ఆయన పోయినాక ఆ మూగబొమ్మ చూసి హాస్టలు పిల్లోళ్లు ఏడిస్తే, తిరుపతయ్య మిషను గదిలో మైకు పెట్టుకొని, కిటికీలోంచి ఆయన పెదాలు చూస్తా ఆ మాటలు చెప్పినాడు. బొమ్మ తీసిన దినం ఆడే ఉన్నాడు, అన్నీ గుర్తే. ఏటా ఆయన పోయిన దినం నేను పోతా... తిరుపతయ్య చెప్తాడు. దీవెనను మాత్రం యానాడూ తీసకపోలే."

ఎజ్రాకు దెయ్యం భయం పోయింది. దానికన్నా బరువైనదేదో గుండె మీద పడింది. ఇప్పుడు ఆ పిల్లకు ఏమని చెప్పాలి?

"మరి సారు గొంతు ఎట్లుండేదమ్మా?"

కృపమ్మ పొయ్యి వైపు తిరిగింది.

"ఎంత యోచన చేసినా గుర్తుకు రాదప్పా. ఆయన కలలోకి వచ్చినా... తిరుపతయ్య గొంతుతోనే మాట్లాడతాడు."