ఏడున్నర మీటర్లు

"మాట్లాడకండి," అన్నాడు గవీనో.

బొనారియా ఇంకా నోరు తెరవనే లేదు.

"నమస్కారం కూడా చెప్పకూడదా?"

"చెప్పవచ్చు. మందు గురించి, సూది గురించి, ఒంట్లో ఎలా ఉందో మాత్రం ఒక్క ముక్క వద్దు."

"ఆస్పత్రికొచ్చి ఒంట్లో ఎలా ఉందో చెప్పకూడదా! బాగుందండీ మీ శాస్త్రం."

అలా మొదలైంది వాళ్ళ పరిచయం, ఇటలీ దీవి సార్డీనియా కొండల్లోని ఒక ఆస్పత్రి వరండాలో.

బొనారియాకు ఇరవై ఎనిమిదేళ్ళు. పెద్దమ్మ మిఖేలాతో కలిసి రొట్టెల కొట్టు నడుపుతోంది. రెండేళ్ళ కిందట పొయ్యిలోంచి కాగితమంత పలచటి రొట్టె తీస్తుంటే కుడిచెయ్యి మొద్దుబారింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు డాక్టర్లు. ఒంటిని కాపాడవలసిన రక్తకణాలే నరాల మీది పొరను శత్రువనుకుని కొరుకుతాయట.

"మన దీవి రక్తం కదా, అయినవాళ్ళతోనే తగువు పెట్టుకుంటుంది," అంది మిఖేలా.

ఆ దీవిలో ఈ జబ్బు ఎక్కువ. పరిశోధనలూ ఎక్కువే. బొనారియా చేరిన పరిశోధనలో సగం మందికి కొత్త మందు, సగం మందికి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది ఇస్తున్నారో కొలిచేవాడికి తెలియకూడదు. తెలిస్తే ఆ రోగి ఫలితాలన్నీ పక్కన పడేయాల్సిందే. గవీనో ఆ కొలిచేవాడు.

మూడు నెలలకోసారి, చెయ్యి ఎలా ఆడుతోందో చూడటానికి, బొనారియా తొమ్మిది పుల్లల్ని తొమ్మిది చిల్లుల్లో గుచ్చాలి. తర్వాత వరండాలో ఒక గీత నుంచి ఇంకో గీతకు ఏడున్నర మీటర్లు నడవాలి. అవతలి గీత దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని అతను.

"సిద్ధమేనా? నడవండి. చాలు."

అతనికి అనుమతి ఉన్న ప్రేమభాష అంతే.

మూడోసారి వచ్చినప్పుడు మిఖేలా కూడా తోడు వచ్చింది. వస్తూనే అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరి కొడుకువి నాయనా? గొర్రెలున్నాయా?"

"మా మావయ్యకు యాభై ఉన్నాయండీ."

"పెళ్ళయిందా?"

"లేదండీ."

"మంచిది. ఇదిగో విను, మా పిల్లకి సూది గుచ్చిన చోటల్లా..."

గవీనో రెండు చెవులూ మూసుకుని గట్టిగా చర్చి పాట ఎత్తుకున్నాడు. గొంతు దారుణం. వరండా చివరిదాకా రోగులంతా తలలు తిప్పారు.

"అయ్యో, కుర్రాడికి కూడా ఏదో జబ్బున్నట్టుందే," అంది మిఖేలా జాలిగా.

ఆ రోజు బొనారియా నింపిన కాగితంలో ఒక ప్రశ్న: 'ఈ మధ్య ఎంత సంతోషంగా ఉన్నారు?' 'చాలా' దగ్గర టిక్కు పెట్టింది. ఆ తర్వాత ప్రతిసారీ అదే పెట్టింది. మందు మనసు మీద కూడా పనిచేస్తోందని పరిశోధన నడిపించే పెద్ద డాక్టర్ మురా మురిసిపోయింది.

పద్దెనిమిదో నెల వచ్చింది. ఎప్పుడూ అయిదు సెకన్లలో నడిచే బొనారియాకు ఆ రోజు ఎనిమిది పట్టింది. రెండోసారి నడిపిస్తే మళ్ళీ ఎనిమిది. గవీనో ముఖం సున్నం కొట్టినట్టయింది. ఏమైందని అడగడానికి వీల్లేదు. "చాలు" అన్నాడు. ఆ ఒక్క మాటా సరిగ్గా పలకలేదు.

మర్నాడే డాక్టర్ మురా ఆమెను పిలిపించి స్కానింగ్ తీయించింది. మెదడులో కొత్త మచ్చ ఒక్కటీ లేదు.

"కాళ్ళు బరువుగా ఉన్నాయా? తిమ్మిరా?"

"ఏం లేదండీ." బొనారియా తల దించుకుంది. "కావాలనే మెల్లగా నడిచాను."

"కావాలనా! ఎందుకమ్మా?"

"అవతలికి చేరగానే 'చాలు' అనేస్తాడండీ. మూడు నెలలు ఎదురుచూస్తే అయిదు సెకన్లు. ఇంకో మూడు సెకన్లు చూసుకుందామని..."

డాక్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాలుగు దేశాలవాళ్ళు నీ నడక మీద లెక్కలు కడుతున్నారు, తెలుసా?"

"తప్పయిపోయింది. నన్ను తీసేస్తారా? కొట్లో నా చేతులతోనే పని. ఈ మందు మీదే ఆశ పెట్టుకున్నాను."

"తీసెయ్యను. జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపు వేరేవాళ్ళ ముందు మళ్ళీ నడువు, బుద్ధిగా. అతనికి ఈ విషయం తెలుసా?"

"అతనికి ఏమీ తెలియకూడదు కదండీ!"

గవీనోను పిలిచేసరికి అతని చేతిలో ఒక ఉత్తరం ఉంది. 'నిన్న నా కళ్ళు వాచీ మీద నిలవలేదు. బొనారియాను ఇక నేను కొలవలేను' అని రాశాడు. డాక్టర్ రెండుసార్లు చదివింది.

"నిన్ను వేరే పరిశోధనలోకి మారుస్తున్నా."

"శిక్షా డాక్టర్?"

"అనుమతిరా వెధవా. నిన్ను ఇంకాస్త చూడాలని ఆ పిల్ల కావాలనే మెల్లగా నడిచింది. పో."

శనివారం మధ్యాహ్నం గవీనో రొట్టెల కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు. బయట ఆగస్టు ఎండ. లోపల పొయ్యి దగ్గర్నుంచి బొనారియా గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది.

"నటనేనా?" అన్నాడు నవ్వుతూ.

"కాదు." ఆమె నవ్వలేదు. "ఈ జబ్బుకు వేడి తగిలితే ఇంతే. ముందు ముందు ఎంత మెల్లగా నడుస్తానో ఏ డాక్టరూ చెప్పలేదు. ఇప్పుడే బాగా చూసుకోండి. తర్వాత మోసం అనొద్దు."

అతని నవ్వు ఆగింది. కాసేపు ఆమె పాదాల వంక, తర్వాత పొయ్యి వంక చూశాడు.

"అక్కణ్ణుంచి ఇక్కడికి ఎంత ఉంటుంది?"

"ఏడెనిమిది మీటర్లు."

"అంత దూరం దాటడానికి నాకు పద్దెనిమిది నెలలు పట్టింది. మీరే నయం."

బొనారియా అతని చెయ్యి పట్టుకుంది. గోడను వదిలేసింది.

లోపలినుంచి మిఖేలా గొంతు వినిపించింది. "ఎవరే అది? ఆ గొర్రెల కుర్రాడేనా? రొట్టె వేడిగా ఉంది, లోపలికి రమ్మను. పాడనని ఒట్టేస్తేనే!"