చివరి పేరు వదినది

"నువ్వు అరెస్ట్ చెయ్యాల్సింది మీ వదినని," అన్నాడు చీఫ్.

ఎదుట నిలబడ్డ గూఢచారి ముక్కు మీద కోపం ఉన్న మనిషి కాబట్టే డిపార్ట్‌మెంట్ అతనికి మిరియం అని కోడ్‌నేమ్ తగిలించింది. ఇప్పుడా కోపం నెత్తికెక్కింది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. వదిన సెల్ బయాలజిస్టు. విషవాయువు సోకినా చావని ఊపిరితిత్తుల కణాల్ని ల్యాబ్‌లో పెంచింది. వాటితో విరుగుడు చెయ్యొచ్చు. శత్రువుకి చిక్కితే ఆ విరుగుడు తన సైనికులకి పోసి, నిశ్చింతగా మన మీద విషం వదులుతాడు. వాటిని వదిన ఓ విదేశీ ముఠాకి అమ్మేస్తోందని సమాచారం.

ఆ సమాచారం ఇచ్చినావిడ అక్కడే కూర్చుని ఉంది. కోడ్‌నేమ్ నెమలి. ఊదారంగు సూటు, గదంతా సెంటు. వదినతో కలిసి పరిశోధన పేపర్లు ప్రచురించిన మిత్రదేశపు ల్యాబ్‌కి తానే హెడ్‌నని చెప్పుకుంది. ముఠా కంటే ముందే, పరిశోధన పేరుతో తనే వెళ్లి కణాలున్న డబ్బా తీసుకుంటుందట. డబ్బా చేతులు మారగానే మిరియం వదినకి బేడీలు వెయ్యాలి.

"రుజువేంటి సార్?"

"మీ వదిన పేపర్ల జాబితా చూడు. ఈ మధ్య అన్నిట్లోనూ విదేశీయులే."

"కలిసి పని చెయ్యడం నేరమా?"

"నువ్వు కాదంటే ఇంకొకణ్ణి పంపుతా. వాడికి ఆవిడ వదిన కాదు."

పళ్లు కొరుక్కుంటూ ఒప్పుకున్నాడు మిరియం. దొంగమీసం, చెవిలో బటనంత రేడియో, చేతిలో పనిముట్ల సంచి. ఫ్రీజర్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు.

వదిన మైక్రోస్కోపులోంచి తలెత్తి ఒక్కసారి చూసింది. "మీసం ఊడొస్తోంది, అతికించుకో," అంది. చిన్నప్పుడు తల దువ్వి బడికి పంపిన మనిషి దగ్గర వేషాలు చెల్లుతాయా? అతనికి తల కొట్టేసినట్టయింది. ఎందుకొచ్చాడని ఆమె అడగలేదు. అతనే గొంతు సవరించుకుని, కణాల కోసం వచ్చేదెవరని అడిగాడు.

"అవతలి ల్యాబ్ స్టూడెంటు. మా ఇద్దరికీ మెయిల్స్‌లోనే పరిచయం. మా పేపర్లలో మొదటి పేరు ఆ అమ్మాయిదే."

"మొదటి పేరంటే హెడ్ కదా వదినా?"

"మా దగ్గర ప్రయోగాల బల్ల ముందు నడుం విరగ్గొట్టుకున్నవాళ్ల పేరు ముందుంటుంది. ల్యాబులు నడిపేవాళ్లం చివర్లో ఉంటాం. నా పేరెప్పుడూ చివరే. ఒక్క పేపరైనా తిరగేశావా నువ్వు?"

తిరగేయలేదు. ఆమెని ద్రోహి అన్నవాళ్లూ తిరగేయలేదు. జాబితాలో మొదటి పేరు చూసి, అదే హెడ్డని పొరబడి, ఈ నెమలి ఎవరో దాన్ని తగిలించుకుని వస్తోంది. అతని రక్తం సలసలా మరిగింది.

వదినకి ఏదో చెప్పబోయేలోపే నెమలి రానే వచ్చింది. తీపి మాటలు నాలుగు చెప్పి, కణాల్ని గడ్డకట్టించి ఉంచిన నైట్రోజన్ డబ్బా పట్టుకుని చకచకా లిఫ్ట్ వైపు నడిచింది. చెవిలో చీఫ్ గొంతు మోగింది. "డబ్బా మారింది. అరెస్ట్ చెయ్."

మిరియం పరిగెత్తి లిఫ్ట్‌కి అడ్డం నిలబడ్డాడు. వెనకే వదిన వచ్చింది.

"మీ ల్యాబ్ హెడ్ ఎవరు మేడమ్?"

"నేనే. పేపర్లో మొదటి పేరు కనిపించలేదా? తప్పుకో."

"మొదటి పేరు స్టూడెంటుది," అంది వదిన నెమ్మదిగా. "హెడ్ పేరు చివర్లో నా పక్కన ఉంటుంది. ఎవరమ్మా నువ్వు?"

నెమలి చేతిలో లిప్‌స్టిక్ తెరుచుకుంది. అందులో రంగు లేదు, తుపాకీ గొట్టం ఉంది. లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా మిరియం బూటు అడ్డుపెట్టి ఆమె మణికట్టు మెలిపెట్టాడు. తూటా పైకప్పులో దిగింది. జారిన డబ్బాని వదిన రెండు చేతులా పొదివి పట్టుకుంది. బేడీలు నెమలికి పడ్డాయి.

"మిరియం... సారీ," అంది రేడియో. అతను దాన్ని పీకి చెత్తబుట్టలో పారేశాడు.

వదిన కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. "ఆ బేడీలు నాకోసం తెచ్చావా?"

"అవును వదినా."

"నేను నిజంగా తప్పు చేసుంటే వేసేవాడివా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "వేసేవాణ్ణి."

ఆమె డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

"మీ అన్నయ్యైతే చచ్చినా వెయ్యనని అబద్ధమాడేవాడు," అంది. "అతని అబద్ధాలతో నా కాపురం నిలిచింది, నీ నిజాలతో నీ ఉద్యోగం నిలిచింది."