అక్కమ్మకు నాలుగు జెల్లలు

తడ నుంచి పులికాట్ ఒడ్డుకు పోయే దారిలో పాడుబడిన ఉప్పు గోదాము ఒకటుంది. పొద్దు గూకాక ఆ దారిన చేపలతో ఎవరూ రారు. చేపలమ్మే అక్కమ్మ చచ్చి ఏళ్లు గడిచినా బేరం మానలేదట. వెనకాలే వస్తుందట... అడుగుతుందట. తిరిగి చూడకుండా ఒక చేప విసిరేస్తే సరి. లేకపోతే ఇల్లు చేరినవాడు లేడట.

ఇల్లు చేరనివాడి సంగతి మనదాకా ఎట్లా వచ్చిందని అడక్కండి. ఈ కథ చెప్పేవాడు ఆ దారిన పట్టపగలు కూడా పోడు.

తొంభై ఎనిమిదిలో ఆ దారిన పోవలసిన ఖర్మ యోగానందకు పట్టింది. చిత్తూరులో రేడియోలు బాగుచేసే మనిషి. భార్య లోహిత వేవిళ్లతో తడలో పుట్టింట్లో ఉందని చూడవచ్చాడు. మూడు రోజులుగా ఆమె నీళ్లు తాగినా కక్కేస్తోంది. కళ్లు లోపలికి పోయాయి. నాలుగో రోజు సాయంత్రం మెల్లగా అంది:

"జెల్ల పులుసయితే రెండు ముద్దలు దిగుతాదేమో మామా..."

అత్త వరదమ్మ గోనెసంచిలో బొగ్గుముక్క, ఇనుప మేకు వేసి ఇచ్చింది. "చీకట్లో చేపలు తెస్తా ఉండావు. ఇవుంటే అక్కమ్మ దగ్గరికి రాదు. బతికుండంగా మన వాకిట్లోనే చేపలమ్మేది, దాని గుణం నాకు తెలుసు."

"కరెంటు తెలిసినోణ్ని అత్తా! నాకు దెయ్యమేంది?"

వీధి మలుపు తిరగ్గానే ఆ రెండూ పారేశాడు.

ఒడ్డున చెంగయ్య అనే జాలరి అప్పుడే వల దులిపి నాలుగు జెల్లలు ఇచ్చాడు. నీటి అడుగున బురదలో పొర్లే చేపలు, పిల్లికి మల్లే మీసాలు. చిత్తూరు సంతలో కళ్లు తేలేసిన చేపలు తప్ప యోగానంద ఎరగడు. సంచి తడిపి, సైకిల్ క్యారియర్‌కు కట్టి బయలుదేరాడు.

గోదాము దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. దారంతా కంకర తేలి ఉంది. సైకిల్ ఎగిరింది.

"కుర్ర్..."

సరిగ్గా వీపు వెనక!

ఆగాడు. చప్పుడు లేదు. తొక్కాడు—

"కుర్ర్... కుర్ర్..."

తెలిసిన కరెంటంతా ఒక్కసారిగా పోయింది.

"అక్కమ్మా... నోరు జారినా తల్లీ..."

తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాపి సంచిలో పెట్టాడు. కసుక్కున ఏదో దిగింది. పంటిగాటే! కెవ్వుమని అరిచి, చేతికందిన చేపను విసిరి తొక్కాడు.

"కుర్ర్..."

ఇంకోటి విసిరాడు. మళ్లీ "కుర్ర్..." మూడోదీ పోయింది.

"పెండ్లాం కడుపుతో ఉండాదమ్మా... ఇదొక్కటన్నా వదులు..."

"కుర్ర్ర్ర్—"

లోహిత రెండు ముద్దలొక పక్క, తన మెడ ఒక పక్క. మెడే గెలిచింది. నాలుగోదీ విసిరాడు. అంతే... గాలి కూడా కదల్లేదు.

పూరీలా పొంగిన చెయ్యి, ఖాళీ సంచీతో ఇల్లు చేరి, గుమ్మంలో కూలబడి జరిగింది చెప్పాడు.

వరదమ్మ అంతా విని అడిగింది. "గతుకుల్లోనే అరిచిందా?"

"అవును."

"ఓరి నా అల్లుడా! ప్రాణంతో ఉండే జెల్ల అరుస్తాదప్పా! రెక్క ముల్లు ఆడించి కుర్రుమంటాది. నిన్ను పొడిచిందీ ఆ ముల్లే. చేపకు బయపడి చేపల్నే లంచమిచ్చినావు కదయ్యా!"

మంచంలో లోహిత పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. చివరికి రొప్పుతూ, "అమ్మా... ఆకలవతా ఉండాది. ఏదుంటే అది పెట్టు" అంది.

చారన్నం తిన్నది. రెండు కాదు, ఆరు ముద్దలు. కక్కలేదు.

వరదమ్మ సంబరంగా ఇంకో గరిటె వడ్డించబోతూ అల్లుడి మొహం చూసింది. వేడినీళ్లలో చెయ్యి పెట్టుకున్నవాడు ఇంకా వాకిలి వైపే చూస్తున్నాడు.

"ఇంకేందప్పా?"

"అరుపు జెల్లదే అత్తా, ఒప్పుకుంటా. కానీ నాలుగోది ఏసినాక... ఒక మాట ఇనబడింది. చెప్తే నువ్వు బాధపడతావని..."

"ఏం మాట?"

యోగానంద గొంతు తగ్గించాడు.

"'పులుసులో మామిడికాయ ముక్క ఎయ్యమని వరదకు చెప్పు... ఎన్నిసార్లు చెప్పినా ఇనదు' అనింది."

గరిటె కింద పడింది. లోహిత ముద్ద గాల్లో ఆగింది. వరదమ్మ వాకిలి బయటి చీకట్లోకి చూసి, పళ్లు కొరికింది.

"సచ్చినా నా పులుసుకు వంకలు పెట్టేది మానలేదు, అది!"