చచ్చినవాడి కుకీ

డెస్మండ్ ఫెయిర్‌క్లాను నిన్న పొద్దున్న సరస్సులోకి తోసి చంపేశారు. ఇవాళ మధ్యాహ్నం అతను లాగిన్ కావాలి.

థండర్ బే ఊరి మీద మంచు కురుస్తూనే ఉంది. చీఫ్ గోర్డన్ డెస్మండ్ లాప్‌టాప్‌ను తెచ్చి ఏజెంట్ ఎలీనా రౌటియో ముందు పెట్టాడు. కీల సందుల్లో పింక్ ఐసింగ్ ఇంకా అంటుకునే ఉంది. ఎన్నిసార్లు తిట్టినా బన్ను తింటూనే టైప్ చేసేవాడు. ఎలీనాకు దాన్ని తుడవడానికి చెయ్యి రాలేదు.

"హ్లాదిక్ మనకి సాక్ష్యం చెప్పడానికి వినిపెగ్ బస్సులో వస్తున్నాడు. ముఠా గుట్టంతా వాడి నోట్లో ఉంది. బస్టాండులో వాణ్ణి లేపెయ్యమని ముఠా సైటులో ఆర్డర్ పెట్టింది, ముఠాలో దూరిన మన డెస్మండే," అన్నాడు చీఫ్.

"తెలుసు. ముఠా తనని నమ్మాలని పెట్టాడు. చివర్లో రద్దు చేద్దామనుకున్నాడు, పాపం."

"ఈలోపు ఇవెట్ వాడి పని పట్టింది."

ఇవెట్ షార్లెబోవా ఇటు వీళ్ళ దగ్గరా అటు ముఠా దగ్గరా, ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గర రెండు జీతాలు తినే అందగత్తె. ఆమె నవ్విందంటే కుర్ర ఏజెంట్లు అడక్కుండానే రహస్యాలు కక్కేసేవారు. ఆమె మోసాన్ని డెస్మండ్ కనిపెట్టాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు.

"డెస్మండ్ మనవాడని, చచ్చాడని ముఠాకి చెప్పిందా?"

"ఎలా చెబుతుంది? వాడు మనవాడంటే, నీకెలా తెలుసని అడుగుతారు. నోరు మూసుకుని వాడి ఆర్డర్ తనే తీసుకుంది. ఇప్పుడు బస్టాండులోనే ఉంది. ఏ వేషంలో ఉందో దేవుడికే తెలియాలి."

"బస్సు ఆపేస్తే?"

"జారుకుంటుంది. రేపు ఇంకోచోట కాలుస్తుంది. రద్దు చెయ్యాలంటే పెట్టినవాడే చెయ్యాలమ్మా. నువ్వే డెస్మండ్‌వి అవ్వాలి."

పాస్‌వర్డ్ డెస్మండ్‌తోనే పోయింది. లాప్‌టాప్‌లో మిగిలింది కుకీ ఒక్కటే. అది సైటు మన చేతిలో పెట్టే చీటీ లాంటిది. మళ్ళీ చూపిస్తే "ఓ, నువ్వా!" అని లోపలికి రానిస్తుంది. మొహం చూడదు, బతికున్నావా అని అడగదు. అయితే బ్రౌజర్లో తెరిస్తే ఆ పేజీ వీళ్ళ జాడ ముఠాకి చెప్పేస్తుంది. అందుకని ఎలీనా సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి, ఆ కుకీని సైటుకి పంపే అభ్యర్థనకు తగిలించి పంపింది.

"ఎవరు నువ్వు? లాగిన్ అవ్వు," అని జవాబు వచ్చింది.

మళ్ళీ పంపింది. మళ్ళీ అదే జవాబు.

గోడ మీది తెరలో బస్టాండు కనిపిస్తోంది. ఒక నర్సు, గిటారు కుర్రాడు, కర్ర పట్టుకున్న గూని ముసలమ్మ, నిద్రపోతున్న తాగుబోతు. దూరంగా బస్సు లైట్లు కనిపించాయి.

"ఏం చేస్తున్నావే తల్లీ!" అరిచాడు చీఫ్.

పంపిందేమిటో ఎలీనా విప్పి చూసింది. అందులో కుకీయే లేదు! ప్రోగ్రాం కుకీలు దాచుకోవడానికి తనకంటూ ఒక డబ్బా పెట్టుకుంటుంది. చేత్తో తగిలించినదాన్ని అది పట్టించుకోకుండా, తన ఖాళీ డబ్బానే నమ్ముకుంది. ఎంత చిన్న తప్పు! ఒక్క లైనుతో ఆ డబ్బాను మూసేసి మళ్ళీ పంపింది.

"తిరిగి స్వాగతం, డెస్మండ్."

 డెస్మండ్ గదిలోకి వచ్చి తన వెనక నిలబడ్డట్టే ఎలీనాకి అనిపించింది. తిరిగి చూడాలనిపించింది, భయమేసి చూడలేదు. బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. హ్లాదిక్ మెట్టు మీద కాలు పెట్టాడు. అదే కుకీతో ఆమె రద్దు కొట్టింది.

బస్టాండులో ముసలమ్మ కోటులోంచి పైకొస్తున్న చెయ్యి ఆగింది. రెండో చేతిలో కర్రతో పాటు పట్టుకున్న ఫోను వెలిగింది. ఆమె చదివింది: రద్దు చేసినవారు, డెస్మండ్. గూని నడుం ఒక్కసారిగా నిటారైంది. ఆమె గిర్రున వెనక్కి తిరిగి, ఖాళీ గోడ వైపు చూస్తూ కెవ్వున అరిచింది.

"ముసలమ్మే ఇవెట్! పట్టుకోండి!" అన్నాడు చీఫ్ మైకులో. తుపాకీ నేల మీద పడింది. హ్లాదిక్‌కి ఏమీ అర్థం కాక సంచీ కోసం వెతుక్కుంటున్నాడు.

తెర మీద మరో వాక్యం వచ్చింది. "పని పూర్తయింది. సెలవు, డెస్మండ్."

ఎలీనా అదే కుకీని ఇంకోసారి పంపింది. అవసరం లేదు, అయినా పంపింది. "ఎవరు నువ్వు?" అంది సైటు. అప్పుడు ఏడుపొచ్చింది.

చీఫ్ మెల్లగా అడిగాడు. "రిపోర్టులో రద్దు చేసిందెవరని రాయను?"

"డెస్మండ్ అనే రాయండి," ముక్కు తుడుచుకుంది ఎలీనా. "బతికున్నన్నాళ్ళూ ఒక్కరోజైనా టైముకి లాగిన్ కాలేదు, వెధవ."