గింజలు పడని చోటు

1999 నవంబరు 18, గురువారం, సాయంత్రం ఆరుంబావు.

ఉదయగిరిలో మూడు రోజులుగా ముసురు. మధ్యాహ్నమే కరెంటు పోయింది. కిటికీ లేని లోపలిగదిలో, నులకమంచం మీద, తెల్లచీరలో రాహేలమ్మవ్వ. ప్రాణం పోయి నాలుగు గంటలైంది. దవడకు గుడ్డ కట్టి, ముఖం కప్పువైపు తిన్నగా ఉండేట్టు సర్దింది మనవరాలు సుకుమారే.

ఎనభై ఏండ్ల బతుకులో అవ్వ ఒక్క ఫొటోకూ నిలబడలేదు. పెండ్లిళ్లలో కెమెరా కనబడితే వంటింట్లోకి తప్పుకునేది. తెల్లారి శవప్పెట్టెకు మూత పడితే ఆ ముఖం ఇక ఎవరికీ దొరకదు. రేపటి పిల్లలకు ఇదీ మీ అవ్వ అని చూపించడానికి ఏమీ మిగలదు. ఆ దిగులుతోనే సుకుమారి ఆత్మకూరులో స్టూడియో నడిపే తమ్ముడు శాంతికుమార్‌ను కెమెరాతో రమ్మని కబురు పెట్టింది.

వాడు రీలుతో పనిలేని కొత్తరకం కెమెరా తెచ్చాడు. లోపల ఫ్లాపీ పెడితే చాలు, బొమ్మ కెమెరా వెనకున్న చిన్న తెర మీదే కనిపిస్తుంది. మద్రాసులో ఒకరు వాడి వదిలేసింది. ఫ్లాష్ వెలగదు.

"ఇంత గొప్పది తెచ్చి నా చేత కొవ్వొత్తి పట్టిస్తా ఉండావేందిరా?"

"దేనికైనా నువ్వే గదక్కా దిక్కు. కదలకుండా పట్టుకో."

అంతలో గాలి కొట్టింది. కొవ్వొత్తి ఆరింది. తలుపు దభీమని మూసుకుంది. ఆ వెంటనే బయట గొలుసు పడిన చప్పుడు.

గొలుసు వేసింది మేనత్త వరదమ్మ. పిల్లి శవాన్ని దాటుతుందేమోనని ఆమె భయం. తలుపు సందులో వెలుతురు లేకపోయేసరికి లోపల ఎవరూ లేరనుకుంది. పెట్రోమాక్సు దీపం కోసం ప్రార్థన గుడికి పోయింది. నాయన వెంగయ్య పెట్టె చేయించడానికి పోయి ఇంకా రాలేదు.

"అత్తా! మేం లోపలుండాం!"

రేకుల మీద వాన ఆ కేకను మింగేసింది. అగ్గిపుల్లలు చెమ్మగిల్లి అంటుకోలేదు. తడి గోనెసంచుల వాసనలో అవ్వకు చల్లిన సెంటు కలిసి గొంతుకు అడ్డం పడింది.

"తెర వెలుతురన్నా ఉంటాది, ఉండు" అని శాంతి కెమెరా ఆన్ చేశాడు.

తెర నిండా బూడిదరంగు గింజలు. చాటలో నూక చెరుగుతున్నట్టు ఒకటే కదలిక.

"ఏందిరా ఇది?"

"వెలుతురు చాలలేదక్కా. చాలకపోతే కెమెరా కంటికి ఇట్లా గింజలు పుడతాయి. గదిలో ఏమీ ఉండదు. ఇదంతా దీని లోపలి గోల."

సుకుమారి కాస్త ఊపిరి పీల్చుకుంది. తరువాత చూసింది. మంచం పక్కన, మనిషంత ఎత్తున, ఒకచోట గింజ పడలేదు. అక్కడ నలుపు. కడిగినట్టు, శుభ్రమైన నలుపు.

"ఆడ పడలేదే..."

శాంతి తెర తుడిచాడు. కెమెరాను గోడవైపు తిప్పాడు. తెరంతా గింజలే. మళ్లీ మంచంవైపు తిప్పాడు. నలుపు అక్కడే ఉంది.

"గ్లాసు మీద మచ్చయితే కెమెరాతో పాటు తిరగాల" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది తిరగలా."

"అంటే?"

"గింజలు లోపలివక్కా... ఎదురుగా ఏముండినా పడాల్సిందే. ఒక్కచోట ఆగడం అనేది... ఉండదు."

సుకుమారి ప్రార్థన మొదలుపెట్టింది. చిన్నప్పటి నుంచి ఒక్కటీ తప్పని మాటలు. మూడో మాట దగ్గర నాలుక ఆగిపోయింది. చెయ్యి చాచి తడిమింది. అవ్వ పాదాలు దొరికాయి. చల్లగా, కదలకుండా. అవ్వ మంచం మీదే ఉంది.

మరి అది...?

"తలుపు బాదుదాం పద" అని శాంతి అటు తిరిగాడు. తెర కూడా వాడితో తిరిగింది.

నలుపు ఇప్పుడు తలుపు దగ్గర ఉంది.

వాళ్లకూ గొలుసుకూ మధ్య.

ఇద్దరూ వెనక్కి నడిచారు. మంచంకోడు తగిలింది. ఇక వెనక్కి చోటు లేదు. సుకుమారి వంగి అవ్వ పాదాలను రెండు చేతులా పట్టుకుంది. తెర మీద గింజలు పలచబడుతున్నాయి... నలుపు వెడల్పవుతోంది... భయంలో శాంతి వేలు బటన్ మీద పడింది. ఫ్లాపీ గుర్రుమని తిరిగింది. బ్యాటరీ అయిపోయింది.

చీకటి. వాన. ముగ్గురున్న గదిలో ఇద్దరి ఊపిరి. కాసేపటికి... ఇంకొకటి. నిదానంగా. తలుపు వైపు నుంచి.

ఎంతసేపు గడిచిందో తెలియదు. గొలుసు తీసిన చప్పుడైంది. పెట్రోమాక్సు వెలుగులో వరదమ్మ నోరు తెరుచుకుని నిలబడింది.

"అయ్యో నా తల్లీ, మీరిద్దరూ లోపలే ఉండారా!"

గదిలో వేరే ఎవరూ లేరు.

తెల్లారి కరెంటు వచ్చింది. శాంతి బ్యాటరీ ఛార్జి పెట్టి ఆన్ చేశాడు. ఫ్లాపీలో ఒక్కటే ఫొటో. మంచం మీద అవ్వ, పాదాల మీద వంగిన సుకుమారి, పక్కన కెమెరా పట్టుకున్న శాంతి. పట్టపగలు తీసినట్టు, ఒక్క గింజ లేకుండా. తలుపు దగ్గర నిలబడి తీసిన ఫొటో. అందులో అవ్వ కళ్లు తెరిచి, బాగా తెలిసినవాళ్లు వస్తే చూసినట్టు, తలుపువైపు చూస్తోంది.

శాంతి దాన్ని వెంగయ్యకు చూపించాడు.

"తుడిపేయమంటావా నాయనా?"

"వద్దు. మీ అవ్వది ఇంకొకటి లేదు గదా."

ఆ తలుపులోంచి శవాన్ని తీసుకుపోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. వెంగయ్యే గునపం తెచ్చి వెనకగోడ పగలగొట్టాడు. పెట్టెను ఆ కంతలోంచి లోపలికి దించి, అవ్వ ముఖం మీద రాత్రి కప్పిన గుడ్డ తీశారు. కళ్లు మూసే ఉన్నాయి. ముఖం మాత్రం తలుపువైపు తిరిగి ఉంది. వరదమ్మ సరిచేసింది. చెయ్యి తీయగానే మళ్లీ తిరిగింది.

"ఉండనీ" అన్నాడు వెంగయ్య.

అట్లానే పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, మేకులు కొట్టారు.